మన బీటి పశువులకు కొలత మనమే వేయవలెను

భూమి వేడెక్కుచున్నదనియు, ఆ వేడికి కారణమగు వాయువులలో పశువుల నోటినుండి వెలువడు మీథేను ఒకటనియు నేడు పత్రిక చదువు ప్రతివారును ఎఱుగుదురు. కాని తిరువూరు ప్రాంతమున కట్టలేటి గట్లమీదను, మామిడితోటల సందులలోను, కోతలైన పొలములలోను ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు తిరిగి మేయు ఆవు ఎంత మీథేనును విడుచుచున్నది, ఆ తిరుగుటయందు ఎంత శక్తిని వ్యయపఱచుచున్నది అని అడిగినచో, మన యెదుట పెట్టబడునవి అంచనాలే. అంచనా వేయుట తప్పుకాదు. కొలత దొరకువఱకు అదియే గతి. కాని కొలత యుండవలసిన చోట అంచనా చిరకాలము కూర్చున్నయెడల అది తీర్పుగా మాఱును. ఆ తీర్పు మఱికొంత కాలమునకు పన్నుగా మాఱును. కావుననే ఈ విషయము పశుశాస్త్రజ్ఞుల ప్రయోగశాలలకు మాత్రమే చెందినది కాదనియు, రైతునకును, పఠనమందిరములలో గూర్చుండి లోకవ్యవహారము చర్చించు మనకును చెందినదనియు మేము తలచుచున్నాము.

మొదట విషయమును తెలిసికొందము. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక నెమరువేయు జంతువులు. మనుష్యుని కడుపునకు లొంగని గడ్డిని, చొప్పను అవి పాలుగాను, బలముగాను మార్చగలుగుటకు కారణము వాని మొదటి పొట్టలో నివసించు, కంటికి కానరాని జీవులు. ఆ జీవులు గడ్డిని పులియబెట్టునపుడు ఉదజని పుట్టును. అది అచ్చటనే పేరుకొన్నచో పులియు పని కుంటువడును. అపుడు మఱియొక తెగ సూక్ష్మజీవులు ఆ ఉదజనిని బొగ్గుపులుసు వాయువుతో గలిపి మీథేనుగా మార్చును. ఆవు దానిని త్రేనుపులతో నోటినుండి విడుచును. వెనుకనుండి పోవునది స్వల్పము. మీథేను గాలిలో నిలుచునది సుమారు పండ్రెండేండ్లే యైనను, నూఱేండ్ల లెక్కలో చూచినపుడు బరువునకు బరువుగా బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు అధికముగా భూమిని వేడెక్కించును.

లోకమునకు ఇది తాపము. రైతునకు ఇది నష్టము. పశువు తిన్న మేతలోని శక్తిలో సాధారణముగా నూటికి ఆఱేడు పాళ్లు ఈ రూపమున గాలిలో గలిసిపోవును. భారతప్రభుత్వము 2010లో ప్రకటించిన లెక్కలలో దేశవాళి పాడియావునకు ఏటికి 28 కిలోల మీథేను కట్టిరి. ఒక కిలో మీథేనును మండించినచో సుమారు 55 మెగాజౌళ్ల వేడి పుట్టును. ఈ లెక్కను ఒక్క ఆవు ఏడాదిలో విడుచు వేడి మన వంటయింటిలోని 14.2 కిలోల గ్యాసుబండలు రెండింటిని మించును. పాడిగేదెకు కట్టిన 50 కిలోలను ఇట్లే లెక్కించినచో ఇంచుమించు నాలుగు బండలగును. కొనిన తవుడును, కోసి మోసిన గడ్డియు ఇట్లు గాలిపాలగుచుండగా, ఎంత పోవుచున్నదో తెలిసికొనగోరుట పరదేశముల మెప్పుకొఱకు చేయు పని కాదు. అది ఇంటి జమాఖర్చులు చూచుకొనుటవంటిది.

ఇక అంకెల సంగతి చూతము. వాతావరణ విషయములను విచారించు అంతర్జాతీయ సంఘమగు ఐ.పి.సి.సి. 2006లో ప్రకటించిన మార్గదర్శకములలో, సొంత లెక్కలు లేని దేశములు వాడుకొనుటకై భారత ఉపఖండపు పాడియావునకు ఏటికి 58 కిలోలని వ్రాసిరి. మన ప్రభుత్వము సొంతముగా లెక్కించినపుడు దేశవాళి పాడియావునకు 28 కిలోలు, సంకరజాతి పాడియావునకు 43 కిలోలు తేలినవి. 58 ఎక్కడ, 28 ఎక్కడ? ఒకటి రెండవదానికి రెట్టింపు. కట్టలేటి గట్టుమీది ఆవు తన జీవితమున ఒక్క గడ్డిపోచ ఎక్కువ తినకుండగనే, ఏ పుస్తకము తెఱచితిమను దానినిబట్టి దాని నేరము రెట్టింపగుచున్నది! న్యాయస్థానమున ప్రతివాది హాజరుకానపుడు వాదిమాటనే ప్రమాణముగా గొని ఇచ్చు తీర్పును ఎక్సుపార్టీ డిక్రీ యందురు. సొంత కొలతలతో హాజరుకాని దేశమునకు లభించునది అట్టి డిక్రీయే.

ఇట్టి వ్యవహారము మనకు క్రొత్తదికాదు. 1990 ప్రాంతమున మన వరిపొలములనుండి ఏటికి సుమారు 3 కోట్ల 70 లక్షల టన్నుల మీథేను వెలువడుచున్నదని అమెరికాలో అంచనా వేసిరి. దానిపై మన శాస్త్రజ్ఞులు సభలు చేసి, తీర్మానములు వ్రాసి ఊరకుండలేదు. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యమున, ఎ. పి. మిత్రా నాయకత్వమున, దేశమందలి వేర్వేఱు ప్రాంతముల వరిమళ్లకు పోయి వాయువును పట్టి కొలిచిరి. తేలినది ఏటికి సుమారు 40 లక్షల టన్నులు. అనగా పరుల అంచనాలో ఇంచుమించు తొమ్మిదవ వంతు. ఆ యేడే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న గ్రంథమును ప్రకటించి, బ్రతుకుదెరువుకై వరి పండించువాని మడినుండి వచ్చు వాయువును, విలాసమునకై మోటారుబండి నడుపువాని పొగను ఒకే త్రాసున తూచుట న్యాయమా యని లోకమును ప్రశ్నించిరి. ప్రశ్న గొప్పది. కాని దానికి బలమిచ్చినది మడిలో దిగి చేసిన కొలత. వరికి జరిగిన యుపకారము పశువునకును జరుగవలదా?

ఇచ్చట ఒక చిక్కు కలదు. వరిమడి కదలదు, పశువు కదలును. మేత యెంత తిన్నదో తెలిసినగాని వాయువెంతయో లెక్కకు రాదు. ఎంత శక్తి ఖర్చుపెట్టినదో తెలిసినగాని ఎంత మేత కావలెనో లెక్కకు రాదు. ఐ.పి.సి.సి. సూత్రమునే చూడుడు. పశువు ప్రాణము నిలుపుకొనుటకు కావలసిన శక్తిని ముందుగా దాని బరువునుబట్టి కట్టుదురు. పిమ్మట తిరుగుడునకై కొంత చేర్చుదురు. కొట్టమున కట్టివేసిన పశువునకు చేర్చునది సున్న. దాపుననున్న పచ్చికలో మేయుదానికి నూటికి 17 పాళ్లు. విశాలమైన బయళ్లలోను, గుట్టలలోను తిరుగుదానికి నూటికి 36 పాళ్లు. ఉన్నవి మూడే గళ్లు. మన ఆవు ఏ గడిలోనిది? పైరు నిలిచియున్న దినములలో దానిని గట్లమీద పలుపుత్రాట పట్టి మేపుదురు. కోతలైన వెనుక మందలో గలిపి పొలములలోనికి తోలుదురు. వేసవిలో మేతకును, నీటికిని చాలదూరము నడపుదురు. రాత్రులందు కొట్టమున కట్టి ఎండుగడ్డి వేయుదురు. ఒక్క యేటిలో ఒక్క ఆవే మూడు గళ్లును త్రొక్కుచున్నది.

ఈ నడక యెంత శక్తిని తినునో చదువరులు తామే లెక్కించి చూడవచ్చును. సమతలమున ఒక కిలో బరువు ఒక మీటరు నడచుటకు సుమారు 2 జౌళ్లును, ఒక మీటరు ఎత్తునకు ఎక్కుటకు సుమారు 28 జౌళ్లును పట్టునని పశుశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. 300 కిలోల ఆవు దినమునకు 8 కిలోమీటర్లు నడచినచో 48 లక్షల జౌళ్లు వ్యయమగును. ఆ యావు నిలిచినచోట నిలిచి ప్రాణము నిలుపుకొనుటకు పై సూత్రము కట్టు శక్తిలో ఇది ఐదవ వంతు. పాలలోనికి పోవలసిన ఈ యైదవవంతు కాళ్లలోనికి పోవుచున్నది.

కొలుచు విద్య లేదా? కలదు. 1860 ప్రాంతముననే మ్యూనిచ్ నగరమున పెటెన్‌కోఫరు మనుష్యుని ఒక గదిలో నుంచి, లోనికి పోవు గాలిని, వెలికి వచ్చు గాలిని పరీక్షించి, శరీరము చేయు వ్యయమును కొలిచెను. అదే పద్ధతిని పశువులకు నేటికిని వాడుచున్నారు. ఈ శ్వాసగది మిక్కిలి నిక్కచ్చియైన త్రాసు. కాని గదిలోని ఆవు నడువదు. ఇష్టమైన ఆకును ఏరుకొని తినదు. ఎండను, దాహమును ఎఱుగదు. దానికి తేలిన అంకె దానిదే. బీటి ఆవుది కాదు.

ఈ కొఱతను తీర్చుటకై 1994లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మఱియొక ఉపాయమును ప్రకటించిరి. సల్ఫరు హెక్సాఫ్లోరైడు అను వాయువును నింపిన చిన్న లోహపుగొట్టమును ఆవు పొట్టలోనికి మ్రింగింతురు. అది దినమునకు ఎంత వాయువును విడుచునో ముందుగనే కొలిచియుందురు. ఆవు ముట్టెవద్ద సన్నని నాళమును అమర్చి, మెడకు తగిలించిన గాలితీసిన పాత్రలోనికి ఒక దినమంతయు దాని యూపిరిని కొద్దికొద్దిగా చేర్తురు. పాత్రలోని రెండు వాయువుల నిష్పత్తిని చూచినచో, ఒకదాని పరిమాణము తెలిసినదే గనుక రెండవదాని పరిమాణము తేలును. ఆవు యథేచ్ఛగా మేయుచునే యుండును. ఇట్లే గుండె కొట్టుకొను వేగమును నమోదుచేయు పట్టీలు, నడచిన త్రోవను ఉపగ్రహముల సాయమున గుర్తించు మెడపట్టెలు కలవు. గుండె ఒకసారి కొట్టుకొనునపుడు ఎంత ప్రాణవాయువు వ్యయమగునో పశువునకు ముందుగా కొలిచినచో, బీటిలో దాని దినవ్యయమును గణింపవచ్చును. ఈ కొలతలు పశువునకు పశువునకును, దినమునకు దినమునకును మాఱుచుండును. కావున ఒక్క ఆవును ఒక్కనాడు కొలిచి చేతులు దులుపుకొనరాదు. అనేక పశువులను, అనేక దినములు, అన్ని ఋతువులలోను కొలువవలెను.

మన దేశమున ఈ విద్య తెలిసినవారు లేకపోలేదు. 1995లో బెంగుళూరున స్థాపింపబడిన జాతీయ పశుపోషణ, శరీరధర్మ పరిశోధనాసంస్థ ఈ రంగమున పనిచేయుచున్నది. ఆ సంస్థవారు తయారుచేసిన ‘హరితధార’ అను దాణాకలుపు మీథేనును నూటికి 17 మొదలు 20 పాళ్లవఱకు తగ్గించునని ప్రకటించిరి. సంతోషము. కాని దాణా తొట్టిలో తిను పశువునకు తేలిన ఫలము, దాణా మొగమెఱుగక బీటిలో తిరుగు పశువునకును అట్లే తేలునని ఊహింపరాదు గదా! అదియును కొలిచి చూడవలసినదే.

ఇచ్చట మనకు సిగ్గు కలిగింపవలసిన సంగతి ఒకటి చెప్పెదము. 19వ శతాబ్దమునుండి మన ఒంగోలు జాతి పశువులను ఓడలమీద బ్రెజిలు దేశమునకు కొనిపోయిరి. నెల్లూరు పేరుమీదుగా అచ్చట వానిని ‘నెలోర్’ అని పిలుచుచున్నారు. ఆ దేశపు మాంసపు మందలలో అత్యధికభాగము ఆ రక్తమే. ఆ నెలోర్ పశువులు పచ్చికలలో మేయుచుండగా విడుచు మీథేనును, పైన జెప్పిన గొట్టము, పాత్రల పద్ధతిచే బ్రెజిలు ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనాసంస్థయగు ఎంబ్రాపావారును, అచ్చటి ఇతర శాస్త్రజ్ఞులును ఏండ్లతరబడి కొలుచుచున్నారు. బిడ్డ బరువును పెంచుకొన్నవారు తూచుచుండగా, కన్నవారు చూపుతో అంచనా వేయుచున్నారు! బ్రెజిలు పచ్చిక వేఱు, మన వరిగడ్డి వేఱు. అచ్చట మాంసమునకు మేపుదురు, మనము పాలకును, కాడికిని మేపుదుము. వారి అంకె మనకు అతుకదు.

ఆలస్యమైననేమి యని అనువారు చరిత్రను తలచుకొందురుగాక. అడవిలో పశువును మేపినందులకు పరప్రభుత్వము వేసిన పన్నుకు పుల్లరి యని పేరు. 1921–22లో పల్నాటి రైతులు పుల్లరి చెల్లింపమని నిలిచిరి. 1922లో మించాలపాడున కన్నెగంటి హనుమంతు ఆ పోరాటమున తుపాకిగుండ్లకు బలియయ్యెను. నాడు పశువు తిన్న గడ్డికి పన్ను. నేడు లోకమున మొదలైన చర్చ పశువు విడిచిన ఊపిరికి పన్నునుగూర్చి. డెన్మార్కు దేశము 2030నుండి పశువుల వాయువులపై టన్నుకు 300 క్రోనర్ల చొప్పున పన్ను వేయుటకు 2024లో నిశ్చయించుకొన్నది. తగ్గింపులు కొన్ని యున్నను, 2035నాటికి ఆ రేటు 750 క్రోనర్లగును. న్యూజీలెండు 2022లో అట్టి పన్నునే తలపెట్టి, రైతులు తిరుగబడగా 2024లో మానుకొన్నది. మన దేశమున అట్టి పన్ను లేదు. 2030నాటికి మీథేనును నూటికి 30 పాళ్లు తగ్గింతుమని 2021లో గ్లాస్గోలో అనేకదేశములు చేసిన ప్రతిజ్ఞలో మన ప్రభుత్వము చేరలేదు. రెండు మూడు పశువులతో బ్రతుకు బీదరైతును తలచి చేసిన ఆ నిర్ణయమును మేము సమర్థించుచున్నాము. కాని ‘చేరము’ అను మాట ఒక్కటే ఎల్లకాలము కోటగోడ కాజాలదు. రేపు మఱల అడుగుదురు. అపుడు చేతిలో కొలత యుండవలెను.

ఇంతమాత్రమున మన పశువు నిర్దోషియని చాటుటకు మేము ఈ వ్యాసము వ్రాయలేదు. కొలత రెండువైపుల పదునుగల కత్తి. ఒక ఉదాహరణము చూడుడు. ఏటికి 28 కిలోల మీథేను విడుచు దేశవాళి ఆవు ఏడాదిలో 400 లీటర్ల పాలిచ్చినచో లీటరునకు 70 గ్రాములు పడును. 43 కిలోలు విడుచు సంకరజాతి ఆవు 2,400 లీటర్లిచ్చినచో లీటరునకు 18 గ్రాములే పడును. దేశాభిమానముచే ఈ రెండవ లెక్కను దాచుట మనలను మనము మోసగించుకొనుట. ఐనను లెక్క ఇంతటితో ముగియునా? దేశవాళి ఆవు కన్న కోడె కాడి మోయును. దాని పేడ పొలమునకు ఎరువగును. అది తిన్నది మనిషి తినజాలని గడ్డి. సంకరజాతి ఆవు తిను తెలగపిండి, మొక్కజొన్న ఎక్కడనో భూమిని, నీటిని, ఎరువును తిని వచ్చినవి. ఇవియన్నియు పద్దులలో పడినగాని జమాఖర్చు సరిపోదు. దేశవాళి ఆవును దూషించువారును, పూజించువారును ఇరువురును ఈ పూర్తి లెక్కకు తలవంచవలెను. గోసేవను వ్రతముగా గొన్న గాంధిమహాత్ముడు 1927లో బెంగుళూరులోని ప్రభుత్వ పశుపోషణ, పాడిపరిశోధనాలయమునకు పోయి ఆ శాస్త్రమును విద్యార్థివలె నేర్చుకొన్నాడు. గోభక్తికిని తూకమునకును వైరము లేదని అంతకంటె ఎవరు చెప్పవలెను?

మఱియొక సంగతి. పశువు నడుచు దూరము పశువు ఇష్టమునుబట్టి యుండదు. ఊరి బీటినిబట్టి యుండును. మేత పోరంబోకు ఆక్రమింపబడి, వాగుగట్టు కంచెలో చేరి, చెఱువు శిఖము పొలమైనచో ఆవు మఱింత దూరము నడచును, మఱింత ముదురు గడ్డిని తినును, పాలు తగ్గును. త్రేనుపులుమాత్రము తగ్గవు. అపుడు లీటరునకు పడు మీథేను పెరుగును. నేరము ఆవుమీద పడును. ఆక్రమించినవాడు లెక్కలో కానరాడు! గ్రామ ఉమ్మడి భూములనుండి అక్రమదారులను తొలగించుటకు పథకములు సిద్ధపఱుపవలెనని సుప్రీంకోర్టువారు 2011 జనవరిలో జగపాల్ సింగు వ్యాజ్యమున రాష్ట్రప్రభుత్వములన్నిటిని ఆదేశించిరి. బీటి పశువును కొలుచుట యనగా ఊరి బీటినిగూడ కొలుచుట. నడకను లెక్కించు మెడపట్టె ఆక్రమణకు సాక్ష్యము చెప్పగలదు. ఈ సాక్ష్యమునకు జంకువారు కొందరుందురనుటయు నిజమే.

2019నాటి పశుగణనమునుబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఆవులు, ఎద్దులు కలిసి సుమారు 46 లక్షలు. గేదెలు సుమారు 62 లక్షలు. తలలు లెక్కించుట మనకు చేతనగును. ఇక ఒక్కొక్క తల సంగతి తెలిసికొనవలెను. గన్నవరమున పశువైద్యకళాశాల కలదు. ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు డివిజనున మెట్టయు, మాగాణియు, తోటయు, గుట్టయు ఒక్కచోటనే యున్నవి. ప్రభుత్వము బెంగుళూరి సంస్థవారి సాయముతో ఆ కళాశాలకు పరికరములనిచ్చి, ఈ డివిజనున కొన్ని గ్రామములను ఎన్నుకొని, దేశవాళి ఆవులు, సంకరజాతి ఆవులు, గేదెలు, కాడియెద్దులు – ఈ నాలుగింటిని వానకాలమున, కోతలైన పిమ్మట, నడివేసవిలో కొలిపింపవలెనని మేము కోరుచున్నాము. తేలిన అంకెలను తెలుగున వ్రాసి ప్రతి గ్రామ సచివాలయమునందు అంటింపవలెను. వరిగడ్డిని యూరియాతో మాగవేసినను, గట్లపై అవిసె పెంచినను, కోతల వెనుక పిల్లిపెసర చల్లినను ఎంత వాయువు తగ్గి ఎన్ని పాలు పెరుగునో ఆ మందలమీదనే చూపవలెను. అంతవఱకు కొలువని అంకెను ఆధారముగా గొని రైతుమీద ఏ పన్నును, ఏ ఆంక్షను పెట్టరాదు. మీథేను తగ్గించితిమని పత్రములమ్ము వర్తకులు మన యూళ్లకు వచ్చినపుడు, మొదట ఎంత యుండెనో కొలిచితిరా యని ప్రతి రైతును అడుగవలెను.

విద్యావంతులగు యువకులకు ఒక పని చెప్పుచున్నాము. ప్రభుత్వ పరికరములు వచ్చువఱకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కఱలేదు. ఛాతి చుట్టుకొలతనుబట్టి పశువు బరువు తెలియు టేపులు కలవు. నడచిన దూరము చెప్పు ఫోనులు అందఱి జేబులలోను ఉన్నవి. పసులకాపరివెంట నెలకొకదినము నడచి, మంద ఎంత దూరము పోయినది, ఎక్కడ నీరు త్రాగినది, ఏ బీడు నిరుడుండి నేడు లేకపోయినది – ఇవి పుస్తకమున వ్రాయవచ్చును. ఏడాది తిరుగునప్పటికి ఆ పుస్తకము శాస్త్రజ్ఞునకు పునాది యగును, గ్రామసభలో సాక్ష్యమగును.

స్వరాజ్యమనగా మన భూమిని మనమేలుకొనుట యని మన పెద్దలు చెప్పిరి. మనదైన దానిని మనమే తూచి, తూకము మనకు ప్రతికూలమైనను ఒప్పుకొని, అనుకూలమైన చోట తలయెత్తి చెప్పుటయు స్వరాజ్యమే. ఈ యేటి వేసవికి ముందే తిరువూరు బీళ్లలో తొలి మెడపట్టె కట్టబడునుగాక!